1924: రేడియో ఆకాశం ఎత్తు కొలిచిన సంవత్సరం

జంషెడ్‌పూర్‌లో పెరిగిన నా వయసు తెలుగువారిని అడిగి చూడండి: చిన్నప్పుడు ట్రాన్సిస్టరులో విజయవాడ కేంద్రం ఎప్పుడు వినబడేది? "రాత్రిపూట" అంటారు. నా అనుభవమూ అదే. ఉక్కు కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు మా వీధిలో చాలా ఉండేవి. పగలు సెట్టులో గరగర తప్ప మరేమీ ఉండేది కాదు. చీకటి పడ్డాక సుమారు 900 కిలోమీటర్ల దూరం నుంచి తెలుగు మాట వచ్చేది. అదైనా నిలకడగా కాదు. ఒక వాక్యం గట్టిగా, తరువాతిది గుసగుసగా. సెట్టు పాడైందనుకుని నాన్నగారు దాన్ని తట్టేవారు. తప్పు సెట్టుది కాదు. కారణం తెలుసుకోవాలంటే మనం 1924లోని బ్రిటన్‌కు వెళ్లాలి.

అప్పటికి బి.బి.సి. వయసు రెండేళ్లు. ఆ ఏడాది ఫిబ్రవరి 5న గ్రీనిచ్ కాలసూచిక శబ్దాలు మొదలయ్యాయి. ఏప్రిల్ 23న రాజు ఐదవ జార్జి ప్రసంగం తొలిసారిగా రేడియోలో వినబడింది. అయితే విజ్ఞానశాస్త్రానికి ముఖ్యమైన రాత్రి డిసెంబరు 11.

తరంగాలు భూమి వంపును దాటి ఎలా పోతున్నాయి? ఎగువ వాతావరణంలో విద్యుద్వాహక పొర ఉండాలని 1902లో కెనెలీ, హెవిసైడ్ విడివిడిగా ఊహించారు. 1924లో ఎడ్వర్డ్ యాపిల్టన్, ఆయన శిష్యుడు బార్నెట్ దాన్ని పరీక్షించారు. మామూలు ప్రసారాలు ముగిశాక బి.బి.సి. బోర్న్‌మత్ ప్రసారిణిని వాడుకుని, ఆక్స్‌ఫర్డ్‌లో గ్రాహకం పెట్టారు. తరంగదైర్ఘ్యాన్ని మెల్లగా మార్చుతూ పోయారు. నేల మీదుగా వచ్చిన తరంగం, పైనుంచి పరావర్తనమైన తరంగం ఒకదానికొకటి తోడైనప్పుడు సంకేతం బలపడింది, ఎదురైనప్పుడు సన్నగిల్లింది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెట్టి, పొర ఎత్తు సుమారు 90 కిలోమీటర్లని తేల్చారు. ఈ పరిశోధనలకు యాపిల్టన్ 1947లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఇప్పుడు మా ట్రాన్సిస్టరు దగ్గరకు రండి. పగటి ఎండకు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో మరో అయనీకృత పొర ఏర్పడి, మీడియం వేవ్ తరంగాలను పీల్చేస్తుంది. సూర్యాస్తమయం తరువాత అది దాదాపు మాయమవుతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైకి వెళ్లి, అక్కడి పొరల నుంచి కిందికి తిరిగి వస్తాయి. వేర్వేరు దారుల్లో వచ్చినవి కలుసుకోవడం వల్లనే ధ్వని లేచి పడుతూ ఉంటుంది. నాన్నగారిని విసిగించిన ఆ లోపమే ఆకాశంలో పొర ఉందనడానికి సాక్ష్యం!

ఆ సంవత్సరమే మన వైపు కూడా ఒక అడుగు పడింది. కోస్తాంధ్ర అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. అక్కడ సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి, జూలై 31న ప్రసారాలు ప్రారంభించింది. డబ్బు చాలక 1927లో మూతపడింది. ఆ పరికరాలు నగరపాలక సంస్థకు చేరగా, 1930లో ప్రసారాలు మళ్లీ మొదలయ్యాయి. 1938లో అక్కడ ఆలిండియా రేడియో కేంద్రం వచ్చింది. మేము చెవులు రిక్కించి విన్న విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది.

మీ ఇంట్లో పాత మీడియం వేవ్ సెట్టు ఉంటే ఒక పని చేయండి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి ముల్లు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, వినబడిన కేంద్రాలను రాసుకోండి. ఏదైనా ధ్వని తగ్గిపోతే సెట్టును తట్టకండి. గడియారం చూసి, అది మళ్లీ ఎంతసేపటికి లేస్తుందో గమనించండి.