మూసేసిన గని ఊరికి వెచ్చదనమిచ్చింది

1965 డిసెంబరు 17న నెదర్లాండ్స్ ఆర్థిక వ్యవహారాల మంత్రి యోప్ డెన్ ఔల్ హేర్లెన్ పట్టణంలోని నాటకశాలలో ఒక ప్రకటన చేశారు. లింబర్గ్ ప్రాంతపు బొగ్గు గనులన్నీ మూతపడతాయన్నదే దాని సారాంశం. 1959లో గ్రోనింగెన్ దగ్గర భారీ సహజవాయు నిక్షేపం బయటపడ్డాక బొగ్గు గిట్టుబాటు కాలేదు. 1974 ఆఖరున హేర్లెన్‌లోని ఒరాంజే-నసావు గనిలో పని ఆగడంతో ఆ దేశంలో బొగ్గు తవ్వకమే ముగిసింది. గనుల్నే నమ్ముకున్న వేలమందికి ఉపాధి పోయింది.

గని నడిచినంతకాలం ఊటనీటిని తోడుతూనే ఉండాలి. పంపులు ఆగితే సొరంగాలు మునుగుతాయి. హేర్లెన్ కింద కూడా అవి క్రమంగా నిండిపోయాయి. భూమిలోకి దిగేకొద్దీ ప్రతి 100 మీటర్లకు సుమారు 3 డిగ్రీల వేడి పెరుగుతుంది కాబట్టి, లోతున చేరిన నీరు వెచ్చబడింది. ఇలాంటి నీటిని కెనడాలోని స్ప్రింగ్‌హిల్‌లో 1980ల చివర్లోనే ఒక ఫ్యాక్టరీ వాడుకుంది. అదే పనిని ఊరి స్థాయిలో చేయాలని హేర్లెన్ పురపాలక సంఘం పూనుకుంది. యూరోపియన్ యూనియన్ నిధులు తోడయ్యాయి.

అసలు కష్టం బోరు వేయడంలో ఉంది. సుమారు 700 మీటర్ల లోతున ఉన్న సన్నని సొరంగానికి సరిగ్గా తగలాలి. అందుకు పాత గని పటాలు దారి చూపాయి. లోతైన బోర్లలో 28 డిగ్రీల నీరు, 250 మీటర్ల దగ్గర 16 డిగ్రీల నీరు దొరికాయి. 2008లో తొలి భవనాలకు సరఫరా మొదలైంది. గని నీరు నేరుగా ఇళ్లలోకి రాదు. ఉష్ణ వినిమాయకం దానిలోని వేడిని మాత్రమే అందిస్తుంది. ఆ వేడిని హీట్ పంపు అవసరమైనంత పెంచుతుంది. వేసవిలో చల్లటి నీరు గదుల్ని చల్లబరుస్తుంది.

అయితే వెచ్చటి నీటిని తోడుతూ పోతే గని వేడి ఎన్నాళ్లో నిలవదు. 2013లో పద్ధతినే మార్చారు. తోడుకునే బావిగా చూసిన గనిని, దాచుకుని తీసుకునే గాదెగా మలిచారు. కంప్యూటర్ సర్వర్లు, సూపర్‌మార్కెట్ శీతలయంత్రాలు వదిలే వేడిని పక్క భవనాలు వాడుకుంటాయి. మిగిలింది గనిలోకి వెళ్లి, అవసరమైనప్పుడు తిరిగి వస్తుంది. ఈ కథలో అసలైన ఆవిష్కరణ ఇదే. వేడి కనిపెట్టడం కంటే, ఒకరు పారేసే వేడి ఇంకొకరికి అక్కరకొస్తుందని గుర్తించి వాళ్లిద్దరినీ ఒకే గొట్టంతో కలపడమే పెద్ద అడుగు. హీట్ పంపులకు, నీటి పంపులకు కరెంటు కావాలి కాబట్టి, ఆ కరెంటు ఎంత శుభ్రమైనదైతే కర్బన ఉద్గారాలు అంతగా తగ్గుతాయి.

మన సింగరేణి ప్రాంతంలోనూ మూతపడ్డ భూగర్భ గనులున్నాయి. మనకు కావలసింది చల్లదనం. నేల, వాతావరణం వేరు కాబట్టి హేర్లెన్ నమూనాను యథాతథంగా దించుకోలేం. కానీ గని మూసేముందు దాని పటాలను భద్రపరచాలి, నీటి మట్టాన్నీ ఉష్ణోగ్రతనూ కొలిచి రాసిపెట్టాలి. ఆ లెక్కలుంటేనే రేపటి ఇంజినీరు ఆ గనితో ఏం చేయవచ్చో తేల్చగలడు.