అరుగుమీది పెద్దలు

రైలుమార్గములును పట్టణోద్యోగములును పల్లెలనింకను కదలింపని కాలమున, తెలుగునాట ఓమాదిరి కలిగినవారి యిండ్లకు వీధిద్వారమునకు ఇరుప్రక్కల అరుగులుండెడివి. మట్టియు ఇటుకయు చేర్చి కట్టి, పేడతో అలికి, అంచున ముగ్గు తీర్చిన ఆ యరుగు బాటసారికి విశ్రాంతిస్థానము, బాలురకు బడి. అన్నిటిని మించి, పొలముపనికి ఒళ్లు సహకరింపని వృద్ధునకు పగలెల్ల కొలువుకూటము.

1822లో మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయవిద్య స్థితిని విచారించి తెలుపుడని కలెక్టర్లను కోరగా, మరుసటియేట బళ్లారి కలెక్టరు కాంబెల్ తన జిల్లాలో 533 బడులున్నవని నివేదించెను. ఆనాటి బడులలో పెక్కింటికి వేరు కట్టడము లేదు; పెద్దయింటి యరుగో, గుడిమండపమో వానికి నెలవు. ఇసుకలో ఓనమాలు దిద్దు పసివాండ్ర చెంతనే పండ్లూడిన తాత చిన్నరోటిలో ఆకువక్క దంచుకొనుచు కూర్చుండెడివాడు. అమరములో బాలుడొక పాదము తప్పినచో పంతులుకంటె ముందాయనయే సరిదిద్దెడివాడు.

ఇందలి విశేషమును నేను పదేపదే తలపోయుచుందును. ఆ వృద్ధుని పరామర్శించుటకై యెవ్వరును వచ్చెడివారు కారు. ఆయనతో పనిపడి వచ్చెడివారు. గట్టుతగవు పుట్టినచో పూర్వపు హద్దురాయి ఎచ్చటనుండెనో చెప్పవలసినవాడును, సంబంధము కలుపుకొనునప్పుడు ఇరువంశముల బాంధవ్యమును మూడుతరములు వెనుకకు విప్పవలసినవాడును ఆయనయే. సాయంకాలము చదువువచ్చిన కుర్రవాడొకడు భాగవతమో, 1902లో బందరున పుట్టిన కృష్ణాపత్రికయో బిగ్గరగా చదువుచుండ, ముసలివారు చెవులొగ్గి, నడుమనడుమ వాదించుకొనుచు ప్రొద్దుపుచ్చెడివారు.

అయినను ఆ యరుగు అందరిది కాదు. ఊరివెలుపలి వాడలలోని వృద్ధునకు దానిపై కూర్చుండు హక్కు లేదు. వితంతువైన ముదుసలికి వీధివైపు చోటే లేదు; పెరటి నూతిగట్టును తులసికోటయు ఆమె లోకము. ఈ యన్యాయమును మరచి గతమును పొగడుట నాకు సమ్మతము కాదు.

పిదప వీధుల వెడల్పునకై కొన్ని యరుగులు పోయెను; ప్రహరీగోడలకు కొన్ని బలియయ్యెను; కూర్చుండి వినవలసిన పిల్లలు హైదరాబాదునకును, అటుపై అమెరికాకును తరలిపోయిరి. 1956నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము వృద్ధులైన తల్లిదండ్రుల పోషణభారమును కొడుకులపైనే గాక కూతుండ్రపైనను నిలిపెను. 1995 ఆగస్టు 15న ఆరంభమైన జాతీయ వృద్ధాప్య పింఛను 65 ఏండ్లు నిండిన నిరాధారులకు నెలకు 75 రూపాయలిచ్చెను. ఇవి యన్నవస్త్రముల మాట; అరుగిచ్చిన తోడును ఇవి ఇయ్యలేదు.

పింఛను పంచు దినమున పంచాయతీ కార్యాలయపు మెట్లపై ప్రొద్దుటనే చేరిన వృద్ధులు, సొమ్ము చేతికందిన తరువాతను కదలక, మోకాళ్లనొప్పులను, మనుమల చదువులను, పోయినవారి ముచ్చటలను చెప్పుకొనుచు మధ్యాహ్నమువరకు కూర్చుండుట నేను చూచితిని. 2020 నుండి ఆంధ్రప్రదేశమున పింఛను గడపకడకే చేర్చు పద్ధతి వచ్చినది; నడువలేనివారికి అది పెద్దమేలు, కాదనను. కాని నడువగలవారికి నెలకొకనాటి ఆ కూడిక తప్పిపోయినది. వారమునకొక సాయంకాలమైనను పంచాయతీవారు తమ కార్యాలయపు వసారాను వృద్ధులకు విడిచి, ఒక చాపయు, ఒక పత్రికయు, చదివి వినిపించుటకొక బడిపిల్లవానిని సమకూర్చినచో, వాడలవారును, వితంతువులును సైతము అందు సమానముగా కూర్చుండవచ్చును.