అటక మీది ఇనప మూకుడు



విజయవాడ వీధుల్లో పొద్దెక్కాక వినిపించే కేక వొకటి వుంది: "పాత ఇనప సామాన్లు కొంటాం!" ఆ కేక చెవిని పడగానే అటక మీద పడివున్న బూరెల మూకుడో, నాయనమ్మ నాటి అట్లపెనమో గుర్తుకు వస్తుంది. తుప్పు పట్టిపోయింది, ఇంకెందుకని తూకానికి వేసేస్తాం. కొనేవాడు దానిని మూకుడు కింద తూచడు, తుక్కు కింద తూస్తాడు. ఆ తుక్కు మన యింటికి యెంత దూరం నుంచి వచ్చిందో, దానిని మళ్లీ పొయ్యి మీదికి యెట్లా యెక్కించవచ్చో ఈ పూట చెప్పుకుందాం.

ముందుగా వొక మాట. ఇనప పాత్రలన్నీ వొకే జాతివి కావు. కమ్మరి సమ్మెట దెబ్బలతో సాగగొట్టినది చేత ఇనుము. కరిగించి ఇసుక అచ్చులో పోసినది పోత ఇనుము. పలచగా వుండి, వొంటి మీద సుత్తి దెబ్బల జాడలు కనబడి, చెవులను మేకులతో బిగించి వుంటే అది కమ్మరి చేతి మూకుడు. దళసరిగా, బరువుగా వుండి, పైన ఇసుక గరుకు తగులుతూ, చెవులు పాత్రతోపాటే పోసి వుంటే అది పోత మూకుడు. చేత ఇనుము కింద పడితే సొట్టపోతుంది. పోత ఇనుము కింద పడితే పగులుతుంది. ఈ తేడా తెలిస్తే బాగుచెయ్యడంలో సగం పని తెలిసినట్లే.

మన పూర్వులకు ఇనుము కొత్త కాదు. తెలంగాణాలో నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కును కొనుక్కోవడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కును ఇంగ్లీషువారు 'ఊట్జ్' అన్నారు. ఆ మాట మన దక్షిణాది 'ఉక్కు' నుంచే పుట్టిందని చెబుతారు. ఇక మన డెల్టాల సంగతి చూద్దాం. 1669 నుంచి 1679 వరకు ఈ తీరాన తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో ఓడలు కట్టడం చూశాడు. ఇనుము అక్కడ శ్రేష్ఠమైనదనీ, మేకులు, బోల్టులు, లంగర్లు స్థానికులే నేర్పుగా చేస్తారనీ రాసుకున్నాడు. ఓడకు లంగరు చేసిన చేతులకు మూకుడు వొక లెక్కా!

అయితే ఆ చేతులు మూకుడును కొట్టాయి గాని పొయ్యలేదు. ఎందుకని? కారణం కొలిమిలో వుంది. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. బొగ్గులతో, చేతి తిత్తులతో నడిచే మట్టి కొలిమి అంత వేడి ఇవ్వలేదు. రాయిలోంచి ఇనుము మెత్తని ముద్దగా దిగేది. ఆ ముద్దను కాల్చి కొట్టి, కాల్చి కొట్టి, చిట్టెం వదలగొట్టి పనిముట్టు చేసేవారు. నాగటి కర్రు, కొడవలి, పెనం అన్నీ ఆ దారినే వచ్చాయి. వూరి కమ్మరికి రైతు కళ్లంలో మేర కొలిచేవాడు. ఆ గింజల్లోనే పెనం కూలీ కూడా వుండేది.

ఇనుములో నూటికి రెండు నుంచి నాలుగు పాళ్ల వరకు కర్బనం చేరితే అది సుమారు 1,200 డిగ్రీలకే నీళ్లలా పారుతుంది. చీనావారు రెండువేల యేండ్లకు పూర్వమే ఆ రహస్యం కనిపెట్టి ఇనుమును పోతపోశారు. ఇంగ్లండులో అబ్రహాం డార్బీ 1707లో ఇసుక అచ్చులలో ఇనప కుండలు పోసే పద్ధతికి పేటెంటు పొందాడు. 1709లో కోల్‌బ్రూక్‌డేల్ అనే చోట కట్టెబొగ్గు బదులు కోకు బొగ్గుతో ఇనుము తీశాడు. దానితో పోత ఇనప కుండ చవక అయింది. యంత్రాలూ, వంతెనలూ తరువాత వచ్చాయి. ఆ విద్య ముందుగా పేదవాడి వంటింటి తలుపే తట్టింది.

మన వైపు జోసయ్య హీత్ అనే ఆయన 1830లో తమిళదేశపు పరంగిపేటలో పెద్ద ఇనప కార్ఖానా పెట్టాడు. అది కలకాలం నిలవలేదు. తరువాత బెంగాలులో కుల్టీ, 1911లో జంషెడ్‌పూరు టాటా కొలుములు దుక్క ఇనుము పొయ్యడం మొదలుపెట్టాయి. ఈలోగా కృష్ణ ముఖం మారిపోయింది. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలవల్లో నీరూ నడిచింది, పడవలూ నడిచాయి. 1893లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది. బరువు సరుకు పల్లె దాకా చేరడం తేలిక అయింది.

ఇనుము రైతు పొయ్యి మీదికి వచ్చిన మరో దారి చెరకు. 1870లలో బీహారులోని బీహియా దగ్గర థామ్సన్, మిల్న్ అనే యిద్దరు దొరలు చెక్క గానుగకు బదులు ఇనప రోళ్ల గానుగ తయారు చేశారు. దాని వెంటనే రసం కాచడానికి వెడల్పాటి ఇనప పెనాలు వాడుకలోకి వచ్చాయి. బెల్లం వండే రైతుకు నేను చెప్పబోయే సంగతి ఇప్పటికే తెలిసివుంటుంది. గానుగ ఆడడం అయిపోయాక పెనాన్ని కడిగి, ఆరబెట్టి, నూనె చెయ్యి రాసి బోర్లిస్తే మరు సంవత్సరానికి పెనం పెనంలాగే వుంటుంది. కడగకుండా వదిలేస్తే తుప్పు తినేస్తుంది.

మరి ఇనప మూకుడు అటక యెందుకు యెక్కింది? 1898లో మద్రాసు ఆర్ట్సు స్కూలులో ఆల్ఫ్రెడ్ ఛాటర్‌టన్ అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టాడు. తేలిక, తుప్పు లేదు. తరువాత స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చింది. ఆ తరువాత అంటుకోని పూత పెనాలు వచ్చాయి. ఇనుముకున్న తప్పు వొక్కటే, అది మన శ్రద్ధ అడుగుతుంది. తీరిక లేని యింట్లో శ్రద్ధ అడిగే వస్తువు అటకే యెక్కుతుంది.

మన గాలి సంగతి కూడా చెప్పాలి. బందరు, అవనిగడ్డ వైపు ఉప్పుగాలి ఇనుమును తొందరగా తినేస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్ వీధులను ముంచిన బుడమేరు వరద గుర్తున్నాయి గదా. ఇల్లు మునిగితే ముందు మనుషులు, పశువులు, గింజలు. సామానుల వంతు తరువాత వస్తుంది. అప్పుడు బురదలోంచి తీసిన ఇనప మూకుడును చూసి పారెయ్యబోకండి. వరదకు చెడిన సామానులలో తిరిగి పూర్తిగా బాగుపడేది అదే కావచ్చు.

ఇక పని చూద్దాం. మొదట పాత్ర చరిత్ర అడగండి. వలల గుళ్ల కోసం సీసం కరిగించిన మూకుడైనా, పురుగుమందు కలిపిన బాండీ అయినా, యెంత తోమినా వంటకు పనికిరాదు. యెవరి చేతిలో యెట్లా వున్నదో తెలియని పాత్రను పూలమొక్కకు వాడుకోండి, వంటకు వద్దు. తరువాత చెవి పట్టుకుని వేలాడదీసి చెక్క గరిటెతో తట్టండి. గంటలా ఖంగుమంటే మంచిది. బొద్దుగా, పగిలిన కుండలా పలికితే పగులు వున్నదన్న మాట. పగిలిన పోత మూకుడులో కాగే నూనె పొయ్యడం ప్రాణాపాయం.

వరదనీటిలో మునిగినదైతే సబ్బుతో కడిగి, నీళ్లు పోసి మరగించండి. పాత జిడ్డు పెచ్చులు కట్టివుంటే చాకలి సోడా వేసిన నీళ్లను అందులోనే కాచి, చల్లారాక చెక్కముక్కతో గీకండి. ఇక తుప్పు. మన జిల్లాలో రైసుమిల్లుల ఊక బూడిదకు కరువు లేదు. అందులో నూటికి 80 పాళ్లకు పైగా సిలికా వుంటుంది, అంటే సన్నని ఇసుక వంటిది. బూడిద యెగిరి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ముందు తడపండి. కొబ్బరి పీచుతో అద్ది గట్టిగా తోమండి. మొండి తుప్పుకు పులిసిన చింతపండు గుజ్జు పట్టించండి, లేదా సిర్కాలో సమంగా నీళ్లు కలిపి నానబెట్టండి. అరగంటకోసారి తీసి చూడండి. రాత్రంతా వదిలేస్తే పులుపు తుప్పును తిన్నాక ఇనుమును తినడం మొదలుపెడుతుంది.

బూడిదరంగు ఇనుము బయటపడగానే కడిగి, తుడిచి, వెంటనే సన్నని సెగ మీద పెట్టండి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. కడిగి యెండలో పెట్టి మరిచిపోతే గంటలో మళ్లీ యెర్రని పొర వస్తుంది. పాత్ర గోరువెచ్చగా వుండగా వేరుసెనగ నూనో, నువ్వుల నూనో లోపలా బయటా రాసి, పొడిగుడ్డతో నూనె అసలు రాయనట్లే తుడిచెయ్యండి. పలచగా వుండడమే కిటుకు. యెక్కువైతే బంకలా అంటుకుంటుంది. ఆరుబయటగాని, కిటికీలు తెరిచిగాని సెగ పెంచి, పొగ లేచాక పది నిమిషాలు వుంచి, దానంతట అదే చల్లారనివ్వండి. వేడికి నూనె గట్టిపడి వార్నీషు లాగా ఇనుమును అంటిపెట్టుకుంటుంది. ఇట్లా మూడు నాలుగు సార్లు చేస్తే నల్లని నిగనిగ వస్తుంది. కొత్త పెనాన్ని బియ్యం కడుగులో నానబెట్టి, నూనె రాసి, ఉల్లిపాయ చెక్కతో రుద్దే మన ఆడవాళ్ల పద్ధతి ఈ శాస్త్రానికి దగ్గరి చుట్టమే. పోత మూకుడును మంటలో కుక్కడం, కాలుతున్నప్పుడు చన్నీళ్లు పొయ్యడం మాత్రం చెయ్యకండి. పగులుతుంది.

మొదటి వారం అట్లు, వేపుళ్లు, దిబ్బరొట్టె చేసుకోండి. వంకాయ, అరటికాయ నల్లబడతాయేమని అడుగుతారు. వాటి వగరు ఇనుముతో కలిస్తే పూర్వం రాతసిరా చేసినట్లే నలుపు పుడుతుంది, విషం కాదు. చింతపండు పులుసు వండినా అందులోనే నిలవ వుంచకండి, రుచీ చెడుతుంది, నూనె పొరా వూడుతుంది.

ఇంత శ్రమ యెందుకంటారా? 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రంలో 15 నుంచి 49 యేళ్ల ఆడవారిలో నూటికి 58.8 మందికి రక్తహీనత వున్నట్లు తేలింది. ఇథియోపియాలో అల్యూమినియం కుండల వంట తిన్న పిల్లలకంటే ఇనప కుండల వంట తిన్న పిల్లలకు రక్తం బాగా పట్టిందని 1999లో 'లాన్సెట్' వైద్య పత్రిక ప్రకటించింది. తడి వుండి, పులుపు వుండి, యెక్కువసేపు వుడికే కూరలోకి ఇనుము యెక్కువ దిగుతుందని 1986లో అమెరికాలో జరిగిన పరీక్షలు చూపాయి. మూకుడు మందుబిళ్లకు బదులు కాదు. గర్భవతులు ఆసుపత్రిలో ఇచ్చే మాత్రలు మానకూడదు. తలసీమియా వంటి రక్తపు జబ్బు వున్నవారు డాక్టరును అడిగి వాడాలి. గ్రామ సేవికలు, విస్తరణ ఉద్యోగులు ఆకుకూరల గురించి చెప్పేటప్పుడు వాటిని వండే పాత్ర గురించి కూడా వొక మాట చెబితే మంచిది.

కాబట్టి రేపు వీధిలో ఆ కేక వినబడితే, ముందు అటక యెక్కి మూకుడు దించండి. చెవి పట్టుకుని వొకసారి తట్టి చూడండి. ఖంగుమంటే తూకానికి వెయ్యకండి, దాని చోటు పొయ్యి మీదే.