పూసపాటి: విజ్జీ ఇంటిపేరు, పూసపాటిరేగ గ్రామం

ఉత్తరాంధ్రలో పూసపాటి అన్న పేరు రెండు చోట్ల వినిపిస్తుంది. ఒకటి విజయనగరం రాజుల ఇంటిపేరు. భారత క్రికెట్‌లో ఎవరికీ రానంత చెడ్డపేరు తెచ్చుకున్న కెప్టెన్ 'విజ్జీ' ఆ ఇంటివారే. ఆయన పూర్తి పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. రెండోది విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్లే రహదారి మీద తగిలే చిన్న ఊరు పూసపాటిరేగ. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడే దాకా ఆ ఊరూ, విజయనగరం కోటా విశాఖపట్నం జిల్లాలోనివే.

తమ పూర్వీకులది కృష్ణా తీరంలోని పూసపాడు అని రాజవంశీకులు చెప్పుకుంటారు. 1652 ప్రాంతంలో పూసపాటి మాధవవర్మ విశాఖ సీమకు వచ్చాడనీ, శ్రీకాకుళం ఫౌజుదారు దగ్గర కుమిలి, గండ్రేడు ప్రాంతాలను ఇజారాకు (కౌలుకు) తీసుకోవడంతో వంశం ఇక్కడ కాలూనిందనీ పాత గెజిటీర్ల కథనం. ఆ కుమిలి నేడు పూసపాటిరేగ మండలంలో ఉంది. విజయనగరం కోట లేచింది ఆ తరవాత, 1713 ప్రాంతంలో.

విజ్జీ 1905 డిసెంబరు 28న పుట్టారు. రెండో కొడుకు కావడంతో గద్దె అన్నకు దక్కింది, ఆయన కాశీకి వెళ్లి స్థిరపడ్డారు. డబ్బుకు లోటు లేదు, క్రికెట్ పిచ్చి అంతకు మించి ఉంది. 1930-31లో సొంత జట్టు కట్టి ఇంగ్లండ్ బ్యాటర్లు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించి భారత్, సిలోన్‌లలో ఆడించారు. హాబ్స్ మొత్తం శతకాలను కొందరు 197 అనీ, కొందరు 199 అనీ లెక్కగట్టడానికి కారణం ఈ పర్యటనలో ఆయన చేసిన రెండు శతకాలే. సికింద్రాబాద్‌లో జరిగే మొయినుద్దౌలా గోల్డ్ కప్‌లో వెస్టిండీస్ వీరుడు లియరీ కాన్‌స్టంటైన్ విజ్జీ జట్టు తరఫున ఆడాడు. 1933-34లో ఇంగ్లండ్ కెప్టెన్ జార్డిన్ సేన భారత పర్యటనలో ఒక్కసారే ఓడింది. కాశీలో విజ్జీ జట్టే 14 పరుగుల తేడాతో దాన్ని ఓడించింది. ఆయన అక్కడితో ఆగి ఉంటే గొప్ప పోషకుడిగా మిగిలేవారు.

కానీ 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు ఆయన కెప్టెన్ అయ్యారు. ఆట వల్ల దక్కిన పదవి కాదది. హోదా, పరిచయాలు తెచ్చిపెట్టింది. భారత్ తొలి టెస్టు కెప్టెన్, తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు అదే జట్టులో ఒక ఆటగాడిగా ఉండాల్సి వచ్చింది. మూడు టెస్టుల్లో విజ్జీ చేసింది 33 పరుగులు. జట్టు వర్గాలుగా చీలింది. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్‌తో ఆడుతున్నప్పుడు లాలా అమర్‌నాథ్‌ను ప్యాడ్లు కట్టించి కూర్చోబెట్టి, ఆయన ముందు వేరేవాళ్లను బ్యాటింగ్‌కు పంపారు. అమర్‌నాథ్ ఆగ్రహంతో నాలుగు మాటలన్నాడు. మొదటి టెస్టు కూడా మొదలుకాకముందే ఆయన్ను ఇంటికి పంపేశారు. మాంచెస్టర్‌లో మర్చంట్, ముస్తాక్ అలీ 203 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పారు. మర్చంట్‌ను రనౌట్ చేయించమని కెప్టెన్ ముస్తాక్‌కు చెప్పారన్న ఆరోపణ నేటికీ వినిపిస్తుంది. నలభై ఏళ్ల కోటా రామస్వామి అదే మ్యాచ్‌తో టెస్టుల్లోకి వచ్చి 40, 60 పరుగులు చేశాడు. భారత్ సీరీస్‌ను 0-2తో కోల్పోయింది. ఆ వేసవిలోనే విజ్జీకి 'సర్' బిరుదు వచ్చింది.

ఈ పర్యటన వివాదంపై బొంబాయి ప్రధాన న్యాయమూర్తి జాన్ బ్యూమాంట్ అధ్యక్షతన వేసిన కమిటీ 1937 జనవరిలో నివేదిక ఇచ్చింది. అది అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చి, విజ్జీ కెప్టెన్సీని తప్పుపట్టింది. ఈ వ్యాసకర్త దృష్టిలో ఓటమికన్నా పెద్ద నష్టం వేరే ఉంది: అమర్‌నాథ్ వంటి ఆటగాడు మంచి వయసులో ఒక టెస్టు సీరీస్ మొత్తాన్నీ పోగొట్టుకున్నాడు.

విజ్జీ 1947లో 'సర్' బిరుదు వదులుకున్నారు. ఉత్తరప్రదేశ్ క్రికెట్ సంఘాన్ని నడిపారు, 1954లో భారత క్రికెట్ బోర్డు అధ్యక్షులయ్యారు. రేడియోలో వ్యాఖ్యానం చెప్పారు. 1958లో పద్మభూషణ్ అందుకున్నారు. 1962లో కాంగ్రెస్ తరఫున విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అంతకుముందు 1957లో ఆ స్థానాన్ని సోషలిస్టుగా గెలిచింది అన్న కొడుకు పి.వి.జి. రాజే. విజ్జీ 1965 డిసెంబరు 2న కాశీలో మరణించారు. విశ్వవిద్యాలయాల జోన్ జట్లు ఆడే విజ్జీ ట్రోఫీ, విజయనగరంలోని విజ్జీ స్టేడియం ఆయన పేరు మీదున్నవే.

ఇక ఊరి విషయానికొస్తే, పూసపాటిరేగ ఇప్పుడు మండల కేంద్రం, నెల్లిమర్ల శాసనసభ నియోజకవర్గంలో భాగం. కొబ్బరి, జీడిమామిడి, వరి ఇక్కడి పంటలు. తీరాన చింతపల్లి మత్స్యకారుల ఊరు. దాని లైట్‌హౌస్ పడవలకు దారి చూపుతుంది. కోనాడ దగ్గర చంపావతి నది సముద్రంలో కలుస్తుంది. పక్క మండలమైన భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయ నిర్మాణానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది.