కృష్ణరాయల గజపతి దేవేరి

నెల్లూరు తీరమునకు పడమటి కొండలలో మూడువేల యడుగుల యెత్తున ఉదయగిరి దుర్గము కలదు. తీరమందలి రేవులును పల్లపు భూములును ఎవ్వరి యేలుబడిలో నుండవలెనో నిర్ణయించునది చిరకాలము ఈ కొండయే యై యుండెను. కపిలేశ్వర గజపతి కాలమునుండి కటకమువారును విజయనగరమువారును దీనికై పెనగులాడిరి. 1513లో శ్రీకృష్ణదేవరాయలు దీనిని ముట్టడించెను. పోర్చుగీసు వర్తకుడగు నూనిజు వ్రాతను బట్టి కోటలో పదివేల కాల్బలమును నన్నూరు గుఱ్ఱములును మాత్రమే యుండెను. ఆకలిచేతనే గాని లొంగు కోట కాదు గనుక అంతకు మించిన సేన అక్కఱలేకపోయెనట. రాయలు బండలు పగులగొట్టించి దారులు తీయించుచు ఏడాదిన్నర కాలము అచ్చటనే యుండి 1514 జూన్ మాసమున దుర్గమును కైకొనెను.

ఉదయగిరినుండి విజయనగరమునకు చేరిన కొల్లసొమ్ములో నొక బాలకృష్ణ విగ్రహము కలదు. దానికై రాయలు ఆలయము కట్టించి 1515లో ప్రతిష్ఠ చేయించి ఆ విషయమును శిల మీద చెక్కించెను. ఆ విగ్రహము నేడు చెన్నపట్టణపు ప్రదర్శనశాలలో నున్నది. ఇట్లు ఆ యుద్ధమున కదలివచ్చిన శిలావిగ్రహపు చరిత్ర తేదీలతో సహా తెలియుచున్నది. ఆ యుద్ధము ముగియునప్పుడు సంధి నిమిత్తమై కదలివచ్చిన రాచకన్నియ చరిత్ర మాత్రము అట్లు తెలియుట లేదు.

ఉదయగిరి పిమ్మట 1515లో కొండవీడు పడెను. గజపతి కుమారుడు వీరభద్రుడు చిక్కెను. రాయలు కృష్ణకు ఉత్తరమున సింహాద్రి వఱకు నడచెను. 1519 నాటికి సంధి కుదిరెను. కృష్ణకు ఉత్తరపు భూములు గజపతికి తిరిగి దక్కెను, ప్రతాపరుద్రుని కూతురు రాయలకు భార్య యయ్యెను. ఇంతవఱకు వివాదము లేదు. ఆమె పేరేమి యన్నచో వివాదము మొదలగును. రాయవాచకము జగన్మోహిని యనుచున్నది. తుక్క యని యొక పేరు, అన్నపూర్ణ యని యొక పేరు, సుభద్ర యని మఱియొక పేరు చరిత్రకారుల గ్రంథములలో కానవచ్చుచున్నవి. కంభము చెఱువును కట్టించినది గజపతి యింటి ఆడుబడుచగు వరదరాజమ్మ యని ఆ ప్రాంతపు ఐతిహ్యము. ఇందఱును ఒక్కతెయే యని కొందఱు పండితులు సులభముగా కలిపివేసిరి. పేర్లు కలియుట చేత మనుష్యులు కలియరు.

ఈ పేర్లన్నిటిలో లోకమున మిక్కిలి ప్రచారము పొందినది తుక్క కథ. రాయలు ఆమెను ఉపేక్షించెననియు, ఆమె కంభమున ఒంటరిగా కాలము గడపెననియు, ఆ దుఃఖమున తుక్కాపంచకమను ఐదు సంస్కృత శ్లోకములు చెప్పెననియు వాడుక. కథ హృదయమును తాకునది. అయినను దీనిని తూచుటకు సమకాలికుని సాక్ష్యమొకటి కలదు.

పోర్చుగీసువాడగు పేసు 1520 ప్రాంతమున విజయనగరమును చూచెను. రాయలకు ధర్మపత్నులు పండ్రెండుగురనియు, వారిలో ముఖ్యులు మువ్వురనియు అతడు వ్రాసెను. ఒకతె ఓఢ్రరాజు కూతురు, ఒకతె శ్రీరంగపట్టణపు రాజు కూతురు, మూడవది రాయలు రాజు కాకమునుపే వలచిన వారకాంత. ఒక్కొక్కతెకు వేఱు నగరు. మువ్వురికిని సమానమైన సంపద. వారిలో వారికి వైరము పుట్టకుండుటకే యీ సమత్వమని అతని మాట. సంధి జరిగిన స్వల్పకాలమునకే గజపతి పుత్రిక ముఖ్య మహిషులలో లెక్కింపబడినదని దీని వలన స్పష్టము. అంతఃపురమున అడుగిడని పరదేశి, రాణుల నడుమ సఖ్యమును గూర్చి చెప్పిన మాటను పూర్తిగా నమ్మ బనిలేదు. కాని నగరులును పరివారమును వీథిలోని వారికి గూడ తెలియునవే.

శాసనములు ఆమె యెడ మౌనము వహించినవి గదా, అదియే ఉపేక్షకు గుఱుతు కాదా యని కొందఱి వాదము. 1514లో ఉదయగిరి గెలిచి తిరుమలకు వచ్చిన రాయల సరస నున్నవారు తిరుమలదేవి, చిన్నాదేవి. 1515లో అమరావతిలో చిన్నాదేవి రత్నధేనుదానమును, తిరుమలదేవి సప్తసాగరదానమును చేసిరి. 1516లో సింహాచలమున తిరుమలదేవి పేర కానుకలు కలవు. ఇవి యన్నియు సంధికి ముందటివి. అప్పటికి ఆమె కటకమున కన్యకయే. రాని కోడలి పేరు శాసనమున లేదని వగచుట వ్యర్థము.

ఆమె సోదరుని సంగతి గూడ ఇట్టి జాగ్రత్తనే నేర్పుచున్నది. తక్కువ కులమువానితో కత్తిసాము చేయుమనగా అవమానము సైపక గజపతి కుమారుడు ప్రాణము తీసికొనెనని నూనిజు వ్రాసెను. 1516 నాటి కన్నడసీమ శాసనమున వీరభద్రుడు మలెబెన్నూరు సీమను ఏలుచున్నట్లున్నది. చెఱపట్టిన రాకొమరునికి నాడొసగుట రాయల నీతియే కావచ్చును. నూనిజు చెప్పిన మరణము తరువాత జరిగెనన్నను, చెఱలోనే జరిగినట్లు చెప్పు కథ నిలువదు.

ఆ దశాబ్దముననే ఇస్తాంబూలులో 1520లో సింహాసనమెక్కిన సులేమాను సుల్తాను నంతఃపురమున బానిసగా చేరిన హుఱ్ఱెమ్ సుల్తానా కథ ఇచ్చట స్మరణీయము. ఆమెకును పుట్టింటి పేరు నిశ్చయముగా తెలియదు. ఐరోపావారు రోక్సెలానా యనిరి. కాని సుల్తాను ఆచారము దాటి ఆమెను వివాహమాడెను. ఆమె అతనికి వ్రాసిన లేఖలు నిలిచినవి. ఇస్తాంబూలులో మసీదు, జెరూసలేములో అన్నసత్రము ఆమె పేర వెలసినవి. 1558లో మరణింపగా సులేమానియా మసీదు ప్రాంగణమున సమాధి కట్టిరి. పేరు పోయినను చేతివ్రాత మిగిలినది గనుక ఆమెను గూర్చి చరిత్ర వ్రాయ వీలగుచున్నది. గజపతి పుత్రికకు అట్టి లేఖ యొక్కటియు లేదు. ఐదు శ్లోకములను ఆమెవే యని యొప్పుకొందమన్నను, అవి ఆమెకు ముడిపడినది వాడుక చేతనే.

కావున పేసు చూచిన మహిషి స్థానమును తుక్క కథకొఱకు త్రోసివేయుట తగదు. రాయలు 1529లో దివంగతుడగు వఱకు మధ్యనున్న తొమ్మిదేండ్లలో ఆమె స్థితి మాఱియుండవచ్చునను వాదమునకు తావు లేకపోలేదు. దానిని నిలువబెట్టుటకు కంభము చుట్టుపట్ల శిలలే సాక్ష్యమీయవలెను. గుండ్లకమ్మను ఆపిన ఆ చెఱువుకట్ట నేటికిని నిలిచి యున్నది. ఆ నీటితో పండు పొలములవారు వరదరాజమ్మ పేరునే చెప్పుదురు, తుక్క పేరు చెప్పరు.