ఏ కళాశాలలో చేరవలెను? - విశాఖపట్టణంతో ముడిపడిన మూడు జీవితాలు

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడగానే, విజ్ఞానశాస్త్రంలో పట్టం పుచ్చుకొనదలచిన విద్యార్థికీ అతని తలిదండ్రులకూ ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఏ కళాశాలలో చేరవలెను? బంధువులు కళాశాల పేరును చూచి సలహా ఇస్తారు. ఇరుగుపొరుగువారు భవనాలను చూచి ఇస్తారు. తండ్రి జీతం కట్టవలసినవాడు గనుక ఖర్చును చూస్తాడు. ఈ ప్రశ్న కొత్తది కాదు. నూరేండ్లకు పూర్వమే మన విద్యార్థులు దీనిని ఎదుర్కొన్నారు. వారు ఏమి చూచి ఎన్నుకొన్నారు, ఆ ఎన్నిక వారిని ఎక్కడికి చేర్చినది అన్న సంగతి తెలిసికొనడం నేటివారికి ఉపయోగకరం. ఇందుకు విశాఖపట్టణంతో సంబంధంగల ముగ్గురు శాస్త్రజ్ఞుల చరిత్ర చక్కని ఉదాహరణ.

మదరాసు దారి

1857లో మదరాసు విశ్వవిద్యాలయం ఏర్పడినది. కోస్తా జిల్లాలలో మచిలీపట్టణం, రాజమహేంద్రవరం, కాకినాడ, విజయనగరం వంటి పట్టణాల కళాశాలలు దానికి అనుబంధంగా నడిచినవి. పై చదువు చదవదలచినవారిలో పెక్కురు చివరకు మదరాసు రైలెక్కవలసినవారే.

విశాఖపట్టణంలోని శ్రీమతి ఏ.వి.ఎన్. కళాశాలకు 1892లో గణిత, భౌతిక శాస్త్రాల అధ్యాపకుడుగా చంద్రశేఖర అయ్యరు అనే ఆయన వచ్చినారు. అప్పటికి నాలుగేండ్లు నిండని ఆయన కుమారుడే చంద్రశేఖర వెంకట రామన్. రామన్ పదకొండవ యేట మెట్రిక్యులేషన్, పదమూడవ యేట ఎఫ్.ఏ. పరీక్ష విశాఖపట్టణంలోనే ముగించి, మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరినారు. తరగతిలో కూర్చున్న ఆ చిన్నవాణ్ణి చూచి, నీవు నిజంగా బి.ఏ. విద్యార్థివేనా అని అధ్యాపకుడొకరు అడిగినారట. 1904లో బి.ఏ. పరీక్షలో ఆయన ప్రథముడుగా నెగ్గి, భౌతికశాస్త్రంలో బంగారు పతకం పొందినారు. ఆ రోజులలో భౌతికశాస్త్రం చదివినవారికి కూడ బి.ఏ., ఎం.ఏ. అనియే పట్టాలిచ్చేవారు.

ప్రెసిడెన్సీ కళాశాల రామన్‌కు ఇచ్చిన మేలు ఏమిటి? ఆ కళాశాలలో పరిశోధనలు జరిగే ఆచారం అంతగా లేదు. కాని భౌతికశాస్త్రాచార్యులు జోన్స్ ఆయనను ప్రయోగశాలలో తనకు తోచిన పని చేసికొననిచ్చినారు. పట్టకం కోణాన్ని వర్ణపటమాపకంతో కొలవడం విద్యార్థులందరూ చేసే ప్రయోగమే. పట్టకపు ముఖంపై కాంతి బాగా ఏటవాలుగా పడినప్పుడు కనిపించే వెలుగు పట్టీలు రెండు వైపులా సమానంగా లేకపోవడం రామన్ గమనించినారు. ఇతరులు కోణం కొలిచి లేచిపోయే చోట ఆయన ఆగి, ఆ వ్యత్యాసానికి కారణం వెదకినారు. దీర్ఘచతురస్రాకారపు రంధ్రం వల్ల కలిగే ఈ వివర్తనాన్ని గురించిన వ్యాసం 1906 నవంబరులో లండనులోని 'ఫిలసాఫికల్ మ్యాగజైన్'లో అచ్చయినది. అప్పటికి ఆయనకు పదునెనిమిదేండ్లు. పరికరం కళాశాలలో ఉన్న మామూలు పరికరమే. ప్రయోగశాల తలుపు తెరచి ఉండడమే అక్కడి విశేషం.

అయితే ఆ తలుపు ఎం.ఏ.తో మూసికొన్నది. ఆరోగ్య కారణాన ఇంగ్లాండు పయనానికి వైద్యుడు అనుమతి ఇవ్వలేదు. మన దేశంలో శాస్త్రజ్ఞుడుగా బ్రతుకుదెరువు దొరకడం గగనమైన కాలమది. రామన్ ఆర్థికశాఖ పరీక్ష వ్రాసి, 1907లో కలకత్తాలో ఉద్యోగంలో చేరినారు. మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన విజ్ఞాన పరిషత్తు ఆ నగరంలోని బౌబజారు వీధిలో ఉన్నది. అది పట్టాలిచ్చే సంస్థ కాదు. కాని దానికొక ప్రయోగశాల ఉన్నది. కచేరీకి పోకముందు, కచేరీనుండి వచ్చిన తరువాత ఆయన అక్కడ పని చేసినారు. 1917లో ఉద్యోగం విడిచి కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనారు. 1928 ఫిబ్రవరి 28న వెల్లడి చేసిన 'రామన్ ఫలితం' ఈ పరిషత్తు ప్రయోగశాలలో కనుగొన్నదే.

గురువును వెదకుకొంటూ

రెండవవారు సూరి భగవంతం. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన ఈయన హైదరాబాదు నిజాం కళాశాలలో బి.ఎస్‌సి. చదివినారు. హైదరాబాదులో ఆనాడు కళాశాలను ఎన్నుకొనడమంటే భాషను ఎన్నుకొనడం కూడ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో శాస్త్రాలను ఉర్దూలో బోధించేవారు. 1887లో ఏర్పడిన నిజాం కళాశాల మదరాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమై ఇంగ్లీషులో బోధించేది. తెలుగు ఇంట పుట్టిన విద్యార్థికి రెండూ పరభాషలే. ఏ కళాశాలలో చేరినా పాఠంతోపాటు భాషను కూడ మోయవలసినదే.

పట్టం చేతికి వచ్చిన పిమ్మట భగవంతం ఊరిని గాని భవనాన్ని గాని చూడక, మనిషిని చూచి తన దారి నిర్ణయించుకొన్నారు. 1928లో కలకత్తా పోయి రామన్ వద్ద చేరినారు. కాంతి పరిక్షేపణను గురించి ప్రపంచంలో అందరికంటె క్రొత్త సంగతులు ఆ రోజున తెలిసిన చోటు అదే.

ఈ లోపల తెలుగునాట మరొక మార్పు జరిగినది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడి, 1930లో వాల్తేరుకు చేరినది. జయపురం మహారాజు విక్రమదేవవర్మ దాతృత్వంతో అక్కడ విజ్ఞాన కళాశాల నెలకొన్నది. భవనాలు లేస్తుండగనే అధ్యాపకులను వెదకి తెచ్చినారు. 1932లో భగవంతం భౌతికశాస్త్ర శాఖలోను, 1933లో టి. ఆర్. శేషాద్రి రసాయనశాస్త్ర శాఖలోను చేరినారు. కాంతి పరిక్షేపణ, రామన్ ఫలితాలపై భగవంతం వ్రాసిన గ్రంథాన్ని 1940లో ఆ విశ్వవిద్యాలయమే ప్రకటించినది. భౌతిక సమస్యలకు గణితంలోని సమూహ సిద్ధాంతాన్ని అన్వయిస్తూ, గణితజ్ఞుడైన టి. వెంకటరాయుడుతో కలిసి ఆయన వ్రాసిన గ్రంథం 1948లో వెలువడినది. రామన్ ఎఫ్.ఏ. ముగించి విడిచిపోయిన ఊరికి, ముప్పది ఏండ్లకు ఆయన శిష్యుడు ఆచార్యుడుగా వచ్చి, పాఠం చెప్పుతూ పరిశోధన సాగించినారు. మంచి కళాశాల ఎట్లా పుట్టునో చెప్పడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

గడువు దాటిన దరఖాస్తు

మూడవవారు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో నాటి బళ్ళారి జిల్లా హడగళిలో జన్మించిన ఈయన విశాఖపట్టణంలో అదే ఏ.వి.ఎన్. కళాశాలలో ఇంటర్మీడియట్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ప్రథమ శ్రేణిలో నెగ్గినారు. రామన్ వలె మదరాసు పోవలసిన అవసరం ఈయనకు కలుగలేదు. ఇంటికి దగ్గరలోనే గట్టి పునాది దొరికినది.

తరువాత పరిశోధక వేతనానికి ఆయన పెట్టుకొన్న దరఖాస్తు గడువు దాటి చేరినందున అంగీకరింపబడలేదు. యుద్ధం రోజులవి. సైన్యపు సర్వే విభాగంలో గణితజ్ఞుని ఉద్యోగానికి పరీక్షకై కలకత్తా పోయినారు, అదీ దొరకలేదు. అయితే అక్కడ పరిచయమైన ఒక యువకుడు తాను భారత సాంఖ్యక శాస్త్ర సంస్థలో శిక్షణ పొందుతున్నానని చెప్పినాడు. మహలనోబిస్ 1931లో స్థాపించిన ఆ సంస్థను రావు పోయి చూచినారు. 1941 జనవరిలో అందులో చేరినారు. ఆ సంస్థకు అప్పుడు పట్టాలిచ్చే అధికారం లేదు; పార్లమెంటు శాసనం ద్వారా ఆ అధికారం వచ్చినది 1959లో. 1941లోనే కలకత్తా విశ్వవిద్యాలయం సాంఖ్యక శాస్త్రంలో ఎం.ఏ. ప్రారంభించగా, మొదటి జట్టులో చేరి 1943లో ఆయన ప్రథముడుగా నెగ్గినారు.

1944లో రావు ఆ విశ్వవిద్యాలయంలోనే పాఠం చెప్పుతున్నారు. చాల పెద్ద నమూనాలకు వర్తించే ఒక ఫలితాన్ని వివరిస్తుండగా, వి. ఎం. దండేకర్ అనే విద్యార్థి, చిన్న నమూనాలకు కూడ ఇట్టిదేమైన చెప్పవచ్చునా అని అడిగినాడు. రావు ఆ రాత్రి కూర్చుండి దానిని సాధించి, మరునాడు తరగతిలో చెప్పినారు. కొన్ని కొలతలనుండి తెలియని రాశిని అంచనా వేసేటప్పుడు, ఒకే వైపుకు మొగ్గని అంచనాలలో తప్పు ఒక హద్దుకంటె తగ్గదనీ, ఎంత తెలివైన పద్ధతియైనను ఆ హద్దును దాటలేదనీ దాని సారాంశం. 1945లో అచ్చయిన ఈ ఫలితమే నేడు క్రామర్-రావు హద్దుగా ప్రసిద్ధి. 2023లో సాంఖ్యక శాస్త్రపు అంతర్జాతీయ బహుమతి ఆయనకు లభించినది. ఆ సంవత్సరమే ఆగస్టులో, నూటరెండేండ్ల వయస్సులో ఆయన కన్నుమూసినారు.

ఈ చరిత్ర చెప్పేది

ముగ్గురి జీవితాలలోను ఒక పోలిక ఉన్నది. ముగ్గురూ తమ గొప్ప పనికి దారి తీసిన చోటును కలకత్తాలో, పట్టాలివ్వని సంస్థలలో కనుగొన్నారు. దీనినిబట్టి పట్టం అనవసరమని తలచరాదు. ప్రెసిడెన్సీ, నిజాం, ఆంధ్ర కళాశాలలలో పడిన పునాది లేనిదే వారు ఆ సంస్థలలో నిలువగలిగేవారు కారు. పట్టమిచ్చే కళాశాల విలువ, ఆ తరువాతి మెట్టు ఎక్కడానికి అది విద్యార్థిని ఎంతవరకు సిద్ధం చేసినది అన్నదానిలో ఉన్నది.

మరొక సంగతి కూడ ఉన్నది. రావుకు ఆ సంస్థ వార్త అందడం కేవలం యాదృచ్ఛికం. అట్టి యువకుడు తారసపడని విద్యార్థులు ఎందరో ఉండి ఉందురు. వారి పేర్లు చరిత్రలో లేవు. ఎక్కడ ఏమున్నదో తెలియకపోవడం వల్ల కలిగిన నష్టం పేదరికం వల్ల కలిగిన నష్టానికి తీసిపోదు.

నేడు దూరం అంత పెద్ద అడ్డంకి కాదు. తెలంగాణలో 2016 నుండి 'దోస్త్' పద్ధతిన విద్యార్థి ఇంటివద్దనుండే పెక్కు కళాశాలల పేర్లను వరుస క్రమంలో కోరుకొనగలుగుతున్నాడు. కాని ఆ వరుసను దేనినిబట్టి నిర్ణయించవలెనో యంత్రం చెప్పదు. ప్రయోగశాలలో ప్రతి విద్యార్థి స్వయంగా పరికరాన్ని ముట్టుకొనునా, లేక పదిమంది ఒకని చుట్టూ నిలిచి చూచెదరా? పాఠం ముగిసిన పిమ్మట ఆ గది తలుపు తెరచి ఉండునా? గ్రంథాలయంలోని పుస్తకాలు విద్యార్థుల చేతికి వచ్చునా? అధ్యాపకులు తమ శాస్త్రంలో ఇంకను ఏదైన పని చేయుచున్నారా? ప్రశ్న అడిగిన విద్యార్థికి మరునాడు సమాధానం దొరకునా? అక్కడ చదివినవారు ఆ తరువాత ఎక్కడికి పోయినారు? చేరబోయే ముందు ఒకసారి ఆ కళాశాలకు పోయి, రెండవ సంవత్సరపు విద్యార్థిని అడిగితే వీటిలో సగానికి పైగా జవాబులు దొరుకును.

ఈ విచారణ అంతా గడువు లోపల ముగించుకొనడం మంచిది. గడువు దాటిన దరఖాస్తు రావుకు చేసిన మేలు అందరికీ చేయదు.