జీతం గడి

2024 ఏప్రిల్. తాడిపత్రి దగ్గర మీ నాపరాయి గని. పొద్దున పదకొండుకే రాయి మీద చెయ్యి ఆనించలేరు. నాలుగు నిలువుల లోతున నలుగురు మనుషులు గడ్డపారలు దూర్చి బండను లేపుతున్నారు. మీరు గట్టు మీద నిలబడి లోడు లెక్క రాసుకుంటున్నారు.

"పట్టు! పట్టు!"

గడ్డపార జారుతుంది. బండ పడుతుంది. అరుపు. దిగండి. దుమ్ము. రక్తం. కుడిచెయ్యి. తువ్వాలు చుట్టండి. బిగించండి. బండి తియ్యండి.

అనంతపురం పెద్దాసుపత్రి. సాయంత్రం డాక్టరు బయటికొచ్చి చెబుతాడు. చూపుడువేలు, మధ్యవేలు తీసేశారు. మనిషికి ముప్పై ఏళ్లు. చెనిక్కాయ పంట ఎండిపోయి, బోరు అప్పు మిగిలి, మీ గనిలో కూలికి దిగినవాడు.

రాత్రి. మీ ఆఫీసు గదిలో మేస్త్రీ తలుపు దగ్గరగా వేస్తాడు.

"అన్నా, యాభై వేలు చేతిలో పెడదాం. స్టాంపు పేపరు మీద ఏలిముద్ర తీసుకుంటే అయిపాయె."

అయిపోదు. పరిహారం హక్కు వదులుకుంటున్నానని కార్మికుడి చేత ఏం రాయించుకున్నా 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద చెల్లదు. గనుల భద్రతా అధికారులకు నోటీసు వెంటనే పోవాలి. పరిహారం కమిషనరుకు ప్రమాద నివేదిక, ఫారం ఈఈ, 7 రోజుల్లో పంపాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏ పనిలో, ఎందుకు జరిగింది? ఆ నాలుగూ మీరు కళ్లారా చూసినవే. పెన్ను ఆగదు.

ఆగేది ఇరవై రోజుల తర్వాత. డాక్టరు సర్టిఫికెట్ వచ్చింది. పరిహారం ఒప్పంద పత్రం మీ ముందుంది. అందులో ఒక గడి: నెల జీతం.

మీ రిజిస్టరులో 8,000 అని ఉంది. మీరిచ్చేది అంతకంటే ఎక్కువ.

లెక్క వేస్తారు. జీతంలో 60 శాతాన్ని వయసు గుణకంతో హెచ్చించాలి. ముప్పై ఏళ్లకు అది 207.98. ఒక చేతికి రెండు వేళ్లు పోతే, వచ్చినదాంట్లో 20 శాతం. జీతం 8,000 అయితే 1,99,661 రూపాయలు. 12,000 అయితే 2,99,491. మందుల బిల్లులు వేరు, అవీ మీవే.

లక్ష తేడా.

"రిజిస్టరులో ఉండేదే రాసేద్దాం అన్నా. ఎవురు చూస్తారు?"

సొరుగు లాగుతారు. బట్వాడా పుస్తకం. ఆరు రోజులు, 3,000. ఐదు రోజులు, 2,500. పన్నెండు నెలలు కూడి భాగిస్తే నెలకు 12,000. ప్రతి శనివారం పక్కన అతని సంతకం, నీలం బాల్‌పెన్నుతో, చివరి అక్షరం కొమ్ము పైకి లాగి. ఆ సంతకాలు పెట్టిన వేళ్లు ఇప్పుడు లేవు. వాన ముఖం చాటేసే ఊళ్లో, రెండెకరాల ఎర్రనేల మీద, మూడు వేళ్ల చేత్తో అతను పిల్లల్ని పెంచాలి. ఆ లక్ష అతనిది.

గది ఉక్కగా ఉంది. మేస్త్రీ చూస్తున్నాడు. పెన్ను మీ చేతిలో ఉంది.

12,000 అని రాయండి.

నెల గడువుకు ఇంకా పది రోజులే. దాటితే ఏటా 12 శాతం వడ్డీ, సరైన కారణం చూపకపోతే 50 శాతం దాకా జరిమానా. ఒప్పందం కమిషనరు దగ్గర నమోదు కావాలి. పొద్దున అనంతపురం బస్సు ఎక్కేటప్పుడు బట్వాడా పుస్తకం కూడా సంచిలో పెట్టుకోండి.